ఓటీ కూలి ఎట్ల వచ్చింది?

సంచికల్లో మన కుల చరిత్ర, గుళ్ళ చరిత్ర పెద్దలు రాస్తూనే ఉంటారు. మేము కూలి చరిత్ర రాస్తున్నాము.

మన పద్మశాలీలు బతుకుదెరువుకు తెలంగాణ విడిచి షోలాపూర్, బొంబాయి, భివండి, సూరత్ చేరుకున్నారు. షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో వచ్చింది. ఆ రోజుల్లో పొద్దు పొడిస్తే పని, పొద్దు గూకితే ఇల్లు. 1881 ఫ్యాక్టరీ చట్టం పిల్లల గంటలకే హద్దు పెట్టింది. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ మేఘాజీ లోఖండే గారు కొట్లాడితే 1890లో ఆదివారం సెలవు దొరికింది. 1911లో బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు రోజుకు 12 గంటలని హద్దు పెట్టారు. 1922లో వారానికి 60 గంటలు, పైన చేస్తే కూలికి పావు వంతు ఎక్కువ అన్నారు. 1934లో 54 గంటలయింది. అంబేద్కర్ గారు కార్మిక శాఖ చూసిన కాలంలో, 1946లో, 48కి దిగింది. 1948 చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటితే కూలి రెండింతలు ఇయ్యాలన్నది. 2019 వేతనాల కోడ్‌లో కూడా ఆ రెండింతల మాట ఉన్నది.

"పీసు రేటుకు ఓటీ ఏంది?" అని సాంచాల కార్ఖానాల్లో అంటుంటారు. అది తప్పు. పీసు రేటు వాళ్ళకు లెక్క ఎట్ల కట్టాలో 1948 చట్టం 59వ సెక్షన్‌లోనే రాసి పెట్టారు. అదే పనికి పోయిన నెల వచ్చిన కూలిని, ఓటీ తీసేసి, పని చేసిన రోజులతో భాగించాలని ఆ చట్టంలో ఉండేది. 25 రోజులకు 15,000 రూపాయలు వచ్చిందనుకుందాం. రోజుకు 600. ఎనిమిది గంటల పని అయితే గంటకు 75. ఆ లెక్కన ఓటీ గంటకు 150.

చట్టం కేంద్రానిది, అమలు రాష్ట్రానిది. 2020 లాక్‌డౌన్‌లో గుజరాత్ ప్రభుత్వం రోజుకు 12 గంటల పని పెట్టుకోవచ్చు, ఓటీకి మామూలు కూలే చాలు అని ఉత్తర్వు ఇచ్చింది. మనవాళ్ళు వేలమంది ఉన్న సూరత్ ఆ రాష్ట్రంలోదే. కార్మిక సంఘాలు సుప్రీంకోర్టుకు పోయాయి. 2020 అక్టోబర్ 1న కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి, ఓటీ రెండింతల లెక్కనే కట్టాలని చెప్పింది.

ఇంటి మగ్గం మీద ఆలుమగలు నేసే గంటలకు ఈ చట్టం లేదు. తక్కువ మందితో నడిచే షెడ్లు కూడా ఫ్యాక్టరీ లెక్కలోకి రావు. అక్కడ మనకు సంఘమే దిక్కు.

కార్ఖానాకు పోయే పిల్లలకు మేము చెప్పేది ఒక్కటే. పగారు చీటీలు దాచుకోండి. ఏ రోజు ఎప్పుడు ఎక్కినారో, ఎప్పుడు దిగినారో చిన్న పుస్తకంలో రాసుకోండి. హక్కు చట్టంలో ఉన్నా, అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి.