బ్రాంక్స్‌లో మోగిన మైకుసెట్టు

న్యూయార్క్ బ్రాంక్స్‌లో హైవేని ఆనుకుని 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూ అని ఒక మామూలు అపార్ట్‌మెంటు ఉంది. ఆ వీధికి 2016లో ‘హిప్ హాప్ బులెవార్డ్’ అని పేరు పెట్టారు. నాయకుల పేర్లు పెట్టడం మనకి తెలుసు. పాట పేరున వీధి ఉండడం నాకు భలే నచ్చింది.

హిప్ హాప్ కథ జమైకాలో మొదలవుతుంది. మనకి తీర్థంలో మైకుసెట్టు ఎలాగో, కింగ్‌స్టన్ వీధుల్లో సౌండ్ సిస్టమ్ అలాగ. పట్టిసం శివరాత్రికి మైకుసెట్టాయన దర్జా గుర్తుందా? ఏ పాట వెయ్యాలో, ఎక్కడ ఆపి తప్పిపోయిన పిల్లాడి పేరు పిలవాలో అంతా ఆయన చేతిలోనే. పక్కవాడి సెట్టుకన్నా మనది ఏటి అవతలికి వినబడాలి! కింగ్‌స్టన్‌లోనూ సెట్టుకీ సెట్టుకీ పోటీలే. పాట మోగుతుంటే మైకులో మాటలు కలిపేవారు.

ఆ ఊళ్లో పుట్టిన క్లైవ్ క్యాంప్‌బెల్ 1967లో, పన్నెండేళ్ల వయసులో బ్రాంక్స్ వచ్చాడు. డీజే కూల్ హెర్క్ అంటే అతనే. 1973 ఆగస్టు 11న, బడి తెరిచేలోగా కొత్త బట్టలు కొనుక్కోవాలని చెల్లెలు సిండీ ఆ అపార్ట్‌మెంటు హాల్లో పార్టీ పెట్టింది. ఆడపిల్లలకి పావు డాలరు, మగపిల్లలకి అర డాలరు టికెట్టు. పాటలు వేసింది అన్న. గొంతు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ముక్కకి కుర్రాళ్లు రెచ్చిపోయి ఆడడం హెర్క్ కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి, ఒకదాని మీద ఆ ముక్క అవ్వగానే రెండోదాని మీద ఎత్తుకునేవాడు. బ్రేక్ డ్యాన్సూ ర్యాపూ ఆ సాగిన దరువు మీదే పెరిగాయి.

ఆ రికార్డులు జేమ్స్ బ్రౌన్ లాంటి అమెరికా నల్లజాతి కళాకారులవి. సెట్టు పద్ధతి జమైకాది. రికార్డు తిప్పే నేర్పుకి పదును పెట్టిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బార్బడోస్‌లో పుట్టినవాడు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి వేరువేరు రేవుల్లో దింపిన జనం మనవలు ఇక్కడ కలుసుకున్నారు. ప్యూర్టోరికో పిల్లలూ వాళ్లతో కలిశారు. 1989కల్లా హిప్ హాప్ ఆఫ్రికాకే తిరిగి చేరింది: డకార్‌లో పాజిటివ్ బ్లాక్ సోల్ బృందం పుట్టి, వోలోఫ్ భాషలో ర్యాప్ కట్టింది.

నన్ను కలవరపెట్టేది ఆ అపార్ట్‌మెంటు పక్కనున్న రోడ్డు. 1948లో నగర నిర్మాణాల అధికారి రాబర్ట్ మోజెస్ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పని మొదలుపెట్టాడు. ఒక్క ఈస్ట్ ట్రెమాంట్ పేటలోనే పదిహేను వందలకు పైగా కుటుంబాలు, ఎక్కువమంది యూదులు, ఇళ్లు వదిలిపోయారు. చితికిన పేటల్లో నల్లవారూ ప్యూర్టోరికన్లూ మిగిలారు. డెబ్బైల్లో ఆ ఇళ్లు తగలబడ్డాయి. పాటకి పలక కట్టారు, రోడ్డు సంగతి ఎత్తరు. పోలవరం ప్రాజెక్టు కోసం దేవీపట్నం మన్యం కోయలూ కొండరెడ్లూ ఊళ్లొదిలి కాలనీలకి పోవడం తెలిసిన పోలవరంవాణ్ణి నేను. అందుకే అమెరికాని అంత తేలిగ్గా మెచ్చుకోలేను.

కాలిఫోర్నియా తెలుగింట పుట్టి కూచిపూడి నేర్చిన ర్యాపర్ రాజా కుమారి నాట్యపు నడకని ర్యాప్‌లోకి తెచ్చింది. మన మన్యంలోని రేల పాటకి, కొమ్ము కోయ డోలుకి ఆ పాటి సత్తా లేదా? కాలనీ పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. మన కాలేజీ కుర్రాళ్లు ఈ వేసవిలోనే అక్కడికి వెళ్లి, ముసలివాళ్ల పాటలు వాళ్ల పేర్లతో సహా రికార్డు చెయ్యండి. ఆ పాటలు ముందు వాళ్ల మనవలకివ్వండి.