రిజిస్టర్ల వెనక నర్సు: నర్సింగ్ పరిపాలన పరిశోధనలో ఒక విస్మృత కోణం

నర్సింగ్ పరిపాలన మీద మన విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు నేను చదివినంతలో దాదాపు ఒకే దారిలో నడిచాయి. నర్సుల ఒత్తిడి, ఉద్యోగ సంతృప్తి, పరిజ్ఞానం. ప్రశ్నావళి పంచడం, మార్కులు కూడడం. ఇన్‌ఛార్జి సిస్టర్ బల్ల మీది రిజిస్టర్లు తెరిచి చూసినది ఒక్కటీ నా కంటబడలేదు.

నర్సు-రోగి నిష్పత్తి మీద పనిచేసే పరిశోధకుల చూపు మనుషుల లెక్క మీదే నిలవడానికి ఒక కారణం లిండా ఐకెన్ బృందం 2002లో ‘జామా’ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని 168 ఆసుపత్రులను పరిశీలించి, నర్సుకు ఒక్కో రోగి పెరిగేకొద్దీ శస్త్రచికిత్స రోగులు 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతోందని తేల్చింది. ఆ కృషి మీద నాకు గౌరవం ఉంది. నా పేచీ కొలబద్దతో. డ్యూటీలో ఉన్న నర్సు రోగి దగ్గరే ఉంటుందని అది ముందే అనుకుంటుంది. మన వార్డుల్లో ఆ ఊహ నిలవదు.

ఒక ప్రభుత్వాసుపత్రి మహిళల మెడికల్ వార్డులో రాత్రి ఎనిమిదింటి హ్యాండోవర్ చూశాను. సాయంత్రం సిస్టర్ ముందు అప్పజెప్పింది రోగులను కాదు, సామాన్లను: బీపీ ఆపరేటస్, థర్మామీటర్లు, కత్తెరలు, దుప్పట్లు. ఆక్సిజన్ ఫ్లోమీటర్ ఒకటి తగ్గింది. “మధ్యాహ్నం ఉందక్కా, సంతకం చూడండి” అంటూ ఆమె వణికిపోయింది. సామాను పోతే రికవరీ తన జీతంలోంచే. ఇద్దరూ స్టోర్ గది, పక్క వార్డు గాలించారు. ఈలోగా ఒక మంచం దగ్గర సెలైన్ అయిపోయి ట్యూబులోకి రక్తం ఎక్కింది. చూసి కేకేసింది పక్క మంచం ముసలమ్మ కూతురు. ఎవరూ రాకపోతే తనే చక్రం తిప్పి ఆపింది. ఆ పూట నర్సు స్టోర్ కీపరైంది, తోడొచ్చిన మనిషి నర్సయింది. నిష్పత్తుల పట్టికలో మాత్రం అక్కడ నర్సు ఉన్నట్టే లెక్క.

భారత నర్సింగ్ మండలి ప్రమాణం బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సాధారణ ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఆపైన 30 శాతం సెలవుల నిల్వ. ఈ పోస్టులన్నీ భర్తీ చేసినా ఫ్లోమీటర్ వెతికేది నర్సే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016లో కనీస నర్సు-రోగి నిష్పత్తి అమలు చేశాక మరణాలు తగ్గాయన్నది నిజమే. అయితే మన నర్సుల కొరత సగానికి సగం సామాను లెక్కల సృష్టి అని నా నిశ్చితాభిప్రాయం. 1981 నాటి మాస్లాక్ బర్నౌట్ కొలమానంతో మనవాళ్లు ఏళ్ల తరబడి కొలుస్తున్న ‘అలసట’ కూడా చాలావరకు రికవరీ భయమేనని నా అనుమానం.

కాబట్టి ఇకపై పరిశోధకులు గడియారం పట్టుకుని వార్డులో కూర్చోవాలి. ఇండెంట్లకు ఎంతసేపు, స్టాకు లెక్కలకు ఎంతసేపు, రోగి చెయ్యి పట్టుకుని నాడి చూసేందుకు ఎంతసేపు అన్నది నిమిషాల్లో రాయాలి. నేను చూసిన ఆ రాత్రి రిజిస్టర్లో ఉన్నది ఒక్క వాక్యం: ఐసీయూలో ఫ్లోమీటర్ దొరికింది, సరిచూడబడినది. సెలైన్ మాట అందులో లేదు, కేస్ షీట్లోనూ లేదు.