పేర్లు లేని ఆస్తి

అమెరికా దక్షిణ రాష్ట్రాల పత్తి రైతుల వంశచరిత్ర వెతికేవాళ్లు 1860, 1870 జనగణన పత్రాలను పక్కపక్కన పెడితే, చాలా ఇళ్ల కథ ఒకేలా కనిపిస్తుంది. భూమి విలువ బాగా తగ్గింది. చరాస్తి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. అంతా అంతర్యుద్ధం ఊడ్చేసిందని వారసులు చెప్పుకుంటారు. అందులో కొంత నిజముంది. అసలు జవాబు మాత్రం 1860 నాటి మరో జాబితాలో ఉంది. అక్కడ యజమాని పేరు కింద బానిసల వయసు, లింగం, రంగు రాశారు. వాళ్ల పేర్లు మాత్రం దాదాపు ఎక్కడా లేవు. పోయిందంటున్న చరాస్తిలో పెద్ద భాగం ఆ మనుషులే! ఆ లెక్కను నష్టం అనడం నాకు మింగుడుపడదు.

దక్షిణాది తెల్లవారి కుటుంబాల్లో సుమారు నాలుగింట మూడు వంతులకు బానిసలే లేరు కదా అని అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఆ చిన్న రైతులను కుంగదీసింది అప్పు, పడిపోయిన పత్తి ధర. 1880 వ్యవసాయ పట్టిక చూస్తే రైతు సొంత భూమి దున్నుతున్నాడా, డబ్బు కౌలు కడుతున్నాడా, పంటలో వాటా ఇస్తున్నాడా అన్నది తెలుస్తుంది. ఆస్తి అంకెలు రైతు నోటిమాటే కాబట్టి పన్ను జాబితాలతో సరిచూడాలి. వంశవృక్షం గీసేవారు 1870 పత్రంలో పక్క ఇళ్లనూ చదవాలి: విముక్తులైన నల్లవారిలో అత్యధికుల పేర్లు జనగణనకు ఎక్కింది అప్పుడే.