పూసపాటి వారి విజయరామరాజులు

గాజువాకకు ఉత్తరాన సింహాచలం, పద్మనాభం, విజయనగరం. ఈ దారిలో ఎక్కడ చరిత్ర కదిపినా విజయనగరం ఏలిన పూసపాటి వంశపు విజయరామరాజు పేరు వస్తుంది. తాతల పేరు మనవళ్లకు పెట్టే అలవాటే కదా అని దీన్ని తేల్చేయలేం. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో బొబ్బిలి కోటను కూల్చిన పెద విజయరామరాజు, కొద్ది రోజులకే తన గుడారంలో బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. ఆ తర్వాత దత్తత వచ్చిన బాలుడి అసలు పేరు వెంకటపతి. గద్దెనెక్కడానికి అతడూ విజయరామరాజు అయ్యాడు. అంటే ఆ పేరే వారసత్వపు హక్కు. మచిలీపట్నం వెళ్లిపొమ్మని ఈస్టిండియా కంపెనీ ఆదేశిస్తే, ఈ చిన విజయరామరాజు పద్మనాభంలో నిలబడి 1794 జూలై 10న పోరులో ఒరిగిపోయాడు.

పెద, చిన అన్న గుర్తులున్నాయిగా, ఇక గందరగోళమేమిటని అడగవచ్చు. ఆ గుర్తులు ఇద్దరికే సరిపోతాయి. 1957లో సోషలిస్టుగా విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచి, మరుసటి ఏడు మాన్సాస్ విద్యా ట్రస్టు స్థాపించిన పి.వి.జి. రాజు పూర్తి పేరు కూడా పూసపాటి విజయరామ గజపతి రాజే. ఒకరు పరాయి సేనను పిలిచారు, ఒకరు ఎదిరించారు, ఒకరు చదువులకు ఆస్తి రాశారు. పేరు చూసి వంశాన్నంతా పొగడటం, తిట్టడం రెండూ అన్యాయమే. పద్మనాభం యుద్ధం గురించి పిల్లలకు చెప్పేవారు ‘చిన’ అన్న మాటనూ, 1794నూ దయచేసి వదలొద్దు.