స్వరలిపి నేర్చిన యంత్రము

పాశ్చాత్యులు తమ సంగీతమును అయిదు గీతల మీద వ్రాసికొందురు. ఆ గీతలపై చుక్కలు పెట్టుట కంప్యూటరునకు ఏపాటి పని యని మనకు తోచవచ్చును. కాని ఆ పనిని చక్కగా నేర్చుటకు దానికి దశాబ్దములు పట్టినవి.

కంప్యూటరు రాక పూర్వము ఐరోపాలో స్వరపుస్తకములను తగరము, సీసము కలిపిన రేకులపై చెక్కెడివారు. అయిదు కొనలు గల పనిముట్టుతో గీతలను ఒక్కసారిగా లాగి, ఉక్కు ముద్రలను సుత్తితో కొట్టి స్వరములను దింపెడివారు. అచ్చులో తిన్నగా పడవలెను గనుక సర్వమును అద్దములో వలె కుడియెడమలు మార్చి చెక్కవలసియుండెను. అయినను చేతిపనికంటె కంటిపనియే కష్టము. రెండు మాత్రల స్వరమునకు ఒక మాత్ర స్వరముకంటె రెట్టింపు చోటిచ్చినచో పుట వెలితిగా కనబడును. అందుచే ఒకటిన్నర రెట్లకు లోపుగనే ఇచ్చెడివారు. కాడ పైకున్న స్వరము వెంట కాడ క్రిందికున్న స్వరము వచ్చినచో, ఆ రెండు కాడలును ఒరసికొన్నట్లు కన్ను భ్రమించును. వానిని వెండ్రుకవాసి ఎడముగా జరిపెడివారు. వాయించువాడు తడబడకుండుటకే ఈ శ్రమ. ఈ తెలివిడిలో అధికభాగము గురువు చేతినుండి శిష్యుని చేతికి వచ్చినదే.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున లీలండ్ స్మిత్ అను సంగీతాచార్యుడుండెను. కంప్యూటరుచేత నాదము పలికించుటకు 1960 దశకమున ఆయన 'స్కోర్' అను ప్రోగ్రామును వ్రాసెను. తరువాత దానినే స్వరలిపి ముద్రణకు మరల్చెను. అందు ప్రతి చిహ్నమునకును ఒక అంకెల వరుస కలదు. మొదటి అంకె అది స్వరమా, విరామమా యని చెప్పును. రెండవది ఏ గీతల వరుసపై నున్నదో, మూడవది ఎంత దూరమున, నాల్గవది ఎంత ఎత్తున నున్నదో తెలుపును. గీతల నిడివి 200 పాళ్లుగా ఎంచబడును. చూచుటకు లెక్కల పుస్తకమువలె నున్నను, వెండ్రుకవాసి జరుపుటకు అందులో వీలుండెను. పేరొందిన ప్రచురణకర్తలు దానిని కోరి వాడిరి. 2013లో ఆయన కాలధర్మము నొందెను.

1988లో 'ఫినాలే', 1993లో బ్రిటన్‌నుండి ఫిన్ అను కవల సోదరుల 'సిబేలియస్' వెలువడినవి. ఇవి వాడుకకు సులభములు. 1996లో నెదర్లాండ్స్‌లో ఇరువురు సంగీతప్రియులు 'లిలీపాండ్' ఆరంభించిరి. మాకు వీరి పద్ధతి మిక్కిలి నచ్చినది. వారు పాత పుస్తకములను ముందుంచుకొని, 1950 నాటి బాఖ్ సెల్లో సూట్ల ముద్రణను కంప్యూటరు ముద్రణతో పోల్చి చూచిరి. పాత అచ్చులో చిహ్నములు నిండుగాను, మూలలు గుండ్రముగాను ఉండెను. యంత్రపు అచ్చు సన్నగా, జీవము లేక యుండెను. ఆ లోపములను ఒక్కొక్కటిగా దిద్దుచు వచ్చిరి.

ఇంత శ్రమపడి సమకూర్చిన పుటలు ఎంతకాలము నిలుచును? 2024 ఆగస్టులో ఫినాలే యాజమాన్యము దానికి ఇకమీదట మార్పులు చేర్పులు చేయబోమని ప్రకటించినది. ముప్పదియైదేండ్లుగా దానిలో వ్రాసికొన్న స్వరకర్తలు తమ కృతులను వేరొక ప్రోగ్రాములోనికి తరలింపవలసిన వారైరి. 2004లో వెలువడిన 'మ్యూజిక్ ఎక్సెమ్మెల్' అను ఉమ్మడి రూపము ఇందుకు తోడ్పడును గాని, చేతితో సవరించిన సొగసు అంతయు దానివెంట రాదు. లిలీపాండ్ పుటలు మాత్రము సాదా అక్షరములలో నుండును. ప్రోగ్రాము లేకున్నను వానిని చదివి, స్వరము ఏదియో చెప్పవచ్చును.

అచ్చయిన స్వరలిపి ఎట్లు నిలుచునో చూపుటకు మన భాషలోనే ఉదాహరణము కలదు. చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహమున సుబ్బరామ దీక్షితులు రచించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలో అచ్చయినది. గమకములకు ఆయన వేర్వేరు గుర్తులు కల్పించి, వాని అర్థమును ఆ గ్రంథముననే వివరించెను. తెలుగు చదువనేర్చిన గాయకులు ఆ గ్రంథమును నేడును తెరచి, కృతులను పాఠము చేసికొనుచున్నారు.