మూడు గుడ్ల కథ

మన చోళపురంలో ఏ పెరట్లో చూసినా, పొదుగుకోడి 21 రోజులు గుడ్ల మీద కూర్చుంటుంది. నడుమ లేచి నాలుగు గింజలు తినివస్తుంది. అంటార్కిటికా మంచులో బతికే ఎంపరర్ పెంగ్విన్‌కు ఆ వీలు కూడా లేదు. ఆడపక్షి ఒకే గుడ్డు పెట్టి, మగపక్షికి అప్పగించి, మేతకు సముద్రానికి పోతుంది. మగపక్షి దాన్ని పాదాల మీద నిలుపుకొని, పొట్ట కింది చర్మపు మడతతో కప్పి, సుమారు 65 రోజులు పొదుగుతుంది. ముందు వెనుకలు కలిపితే దాదాపు నాలుగు నెలల ఉపవాసం. చలికి పక్షులన్నీ ఒకదాన్నొకటి ఆనుకొని గుంపు కడతాయి.

ఆ గుడ్ల కోసమే 1911 జూన్ నెలాఖరున, పొద్దు పొడవని చలికాలంలో, విల్సన్, బవర్స్, చెర్రీ-గరార్డ్ అనే ముగ్గురు బ్రిటిష్ వారు బయలుదేరారు. చలి సున్నాకు 60 డిగ్రీలు దిగువకు పోయింది. తుఫానుకు గుడారం ఎగిరిపోయి, అదృష్టవశాత్తు మళ్లీ దొరికింది. తీసుకున్న అయిదు గుడ్లలో రెండు పగిలాయి. 1912లో విల్సన్, బవర్స్ దక్షిణ ధ్రువం నుంచి తిరిగివస్తూ మరణించారు. మిగిలిన మూడు గుడ్లను 1913లో చెర్రీ-గరార్డ్ లండన్ మ్యూజియంలో అప్పగించాడు. సరీసృపాల పొలుసులే పక్షుల ఈకలయ్యాయా అన్నది వారి ప్రశ్న. 1934లో వెలువడిన పరిశీలనలో దానికి జవాబు దొరకలేదు.

మరి ఆ శ్రమ వృథాయేనా? ఆ పక్షి ఎంతటి చలిలో పిల్లను సాకుతుందో లోకానికి తెలిసింది. కానీ 2022లో బెల్లింగ్స్‌హాసెన్ సముద్రతీరాన మంచు ముందే విరిగి, అయిదు స్థావరాల్లో నాలుగింట పిల్లలు దక్కలేదు. చలికి ఓర్చే పక్షికి, శ్రోతలారా, ఇప్పుడు మంచే కరువవుతోంది. సెలవు.