జీవమనగా నేమి? : హాల్డేన్ పండితుని ఆంధ్ర సంబంధము

మన పావగడ సీమలో శెనక్కాయ విత్తనమును భద్రపరచి ముంగారు వానకై యెదురుచూచుట తరతరముల వాడుక. నెలల తరబడి ఆ గింజ పెరుగదు, కదలదు. ప్రక్కనున్న గులకరాతికిని దానికిని కంటికి గోచరించు భేదము స్వల్పమే. అయినను ఎఱ్ఱనేల తడిసిన కొద్ది దినములకే గింజ మొలకెత్తును, రాయి మొలకెత్తదు. మరి ఇన్నాళ్లును ఆ గింజలో జీవ మెక్కడ నుండెను? ఈ ప్రశ్న రైతుదియు, వేదాంతిదియు, శాస్త్రజ్ఞునిదియు గూడ.

దీనికి పూర్వులు రెండు విధములుగా సమాధానము చెప్పిరి. జడపదార్థముకంటె వేరైన ప్రాణశక్తి యొకటి దేహమున వసించునని కొందరు, దేహము మిక్కిలి చిక్కైన యంత్రమే యని మరికొందరు వాదించిరి. శ్వాసక్రియను పరిశోధించి ప్రసిద్ధిగాంచిన జాన్ స్కాట్ హాల్డేన్ (1860–1936) ఈ రెంటిని నంగీకరింపలేదు. ప్రాణి తన పరిసరములతో గూడి యొక సమగ్రవస్తువనియు, దానిని భాగములుగా విడదీసినచో జీవలక్షణమే జారిపోవుననియు ఆయన మతము. ఆయన కుమారుడే జె. బి. ఎస్. హాల్డేన్ (1892–1964). తండ్రివలెనే తన దేహముపై తానే ప్రయోగములు చేసికొనిన ధీరు డయినను, సిద్ధాంతమున తండ్రిని వీడి, జీవము జడపదార్థమునుండియే క్రమముగా నుద్భవించెనని నమ్మెను.

1929లో ఆయన జీవోత్పత్తిని గూర్చి యొక చిన్న వ్యాసము వ్రాసెను. ఆదికాలమున భూమిపై గాలిలో ప్రాణవాయువు లేదు. సూర్యుని అతినీలలోహిత కిరణములు నీరు, బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియాలపై బడి అనేక సేంద్రియ పదార్థములను పుట్టించెను. అవి సముద్రములలో పేరుకొనగా జీవమున కాధారమేర్పడెనని అందు ఊహించెను. మనము ప్రాణవాయు వని పిలుచునది లేకుండుటయే ప్రాణమునకు తొలి యనుకూలత యనుట విచిత్రము గదా! రష్యాలో ఒపారిన్ 1924లోనే, స్వతంత్రముగా, ఇట్టి యభిప్రాయమును ప్రకటించి యుండెను. 1953లో అమెరికాలో మిల్లర్ కొన్ని వాయువులలో విద్యుత్తును ప్రసరింపజేసి, మాంసకృత్తులకు మూలమైన అమినో ఆమ్లములను బడసి చూపెను.

బాక్టీరియాలను నశింపజేయు వైరసులను హాల్డేన్ ఆ వ్యాసమున నుదాహరించెను. అవి వెలుపల నున్నప్పుడు వృద్ధిపొందవు. బాక్టీరియాలో జొచ్చిన పిమ్మట వృద్ధిపొందును. కావున జీవ నిర్జీవములకు నడుమ గీత గీయుట సులభము కాదు.

ఈ మహాశయుడు 1957లో ఇంగ్లండును విడిచి కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థకు వచ్చెను. తరువాత భారత పౌరుడయ్యెను. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు గారు ఆయనకు శిష్యులైరి. లంటానా పూల రంగులను సీతాకోకచిలుకలు ఎట్లు ఎన్నుకొనునో ఆయన పరిశీలించిరి. ఆంధ్రదేశమున మేనమామ మేనకోడండ్ర వివాహముల వలన సంతతియం దగపడు ఫలితములను సహాధ్యాయులతో గూడి పరిశోధించిరి. మన యిండ్లలో సామాన్యమైన మేనరికమే జన్యుశాస్త్రమునకు పాఠ్యవిషయ మయ్యెను. జీవము ఒక్క దేహముతో ముగియక తరము నుండి తరమునకు ప్రవహించు వ్యవస్థయని అట్టి పరిశోధనలు తెలుపును.

1964 డిసెంబరు 1వ తేదీన హాల్డేన్ భువనేశ్వరమున కన్నుమూసెను. తన దేహమును వైద్యవిద్య కుపయోగింపవలెనని ముందే వ్రాసి యుంచియుండుటచే, అది కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాలకు జేర్పబడెను. జీవమనగా నేమని యావజ్జీవము ప్రశ్నించిన వాని దేహము, చివరకు తెలుగునేలపై విద్యార్థులకు పాఠమయ్యెను. ప్రాణము పోయిన దేహమును మన ముచితరీతిని సాగనంపుదుము. ఆయనకు జ్ఞానదానమే ఉత్తరక్రియ యయ్యెను.

నేటివరకును నిర్జీవ పదార్థములను గూర్చి సజీవకణము నెవ్వరును నిర్మింపలేదు. తండ్రి కుమారులలో ఎవరి మాట గెలిచినదో తేల్చి చెప్పుటకు కాలము రాలేదు. శెనక్కాయను విత్తుచున్న మన పిల్లవాడు, అబ్బా, ఇది బ్రతికియున్నదా యని యడిగినచో, వానిని కసరక, ఆ ప్రశ్న నొక విత్తనముగా భావించి తడి తగులనిత్తము.